మిట్టమధ్యాహ్నపు నీడ

తొంభైలలో యూనివర్సిటీ హాస్టల్లో నా రూమ్మేట్ పొద్దు వాలాక చేసే అసర్ నమాజు వేళను మేడమీద నిలబెట్టిన స్కేలు నీడతో చూసేవాడు. నీడ స్కేలుకు రెట్టింపు కావాలి. ఒక చలికాలం సాయంత్రం ఫిజిక్స్ చదువుతున్నానన్న పొగరుతో నేనే కొలిచి, "లే, టైమైంది!" అని అరిచాను.

"మిట్టమధ్యాహ్నం ఉన్న నీడ తీసేసినవా రా? అది లెక్కకు రాదు. ఇంకా అర్ధగంట ఉన్నది. తార్నాకకు పోయి చాయ్ తాగొద్దాం పా," అని నవ్వాడు.

నాకు ఒళ్లు మండింది. మర్నాటి నుంచి మధ్యాహ్నమే మేడెక్కి, ఆ నీడ చివర సుద్దముక్కతో గీత గీసేవాణ్ణి. సాయంత్రం అంతమేర తీసేసి కొలిచి, వాణ్ణి పిలిచేవాణ్ణి.

ఇప్పుడు ట్యూబులైట్ల కింద ఉద్యోగం. పొద్దంతా నా నీడే నాకు కనపడదు. సాయంత్రమైందని ఎవరినీ పిలవక్కర్లేదు.