మడమ వెనక మరక

ఆ రోజుల్లో మా ఇంట్లోంచి ఆడపిల్ల బయటికి వెళ్ళడానికి రెండే దారులు ఉండేవి. ఒకటి కాలేజీకి, రెండోది చర్చికి. మూడో దారి పట్టాలంటే ఈ రెండింట్లో ఏదో ఒకదాని పేరు చెప్పి వెళ్ళాల్సిందే. పన్నెండేళ్ళ కిందటి మాట ఇది. కొడవలూరు నుంచి రోజూ బస్సులో నెల్లూరు వెళ్ళి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. బస్సులోనే సగం జీవితం అయిపోతోందని, జనవరి నుంచి హాస్టల్లో ఉంటానని ఇంట్లో అడిగాను. మా నాన్న ఊరికి తూర్పున రెండు రొయ్యల గుంటలు కౌలుకు తీసుకుని పెంచేవాడు. రొయ్యలనీ కూతుర్నీ గట్టు మీద నిలబడి కనిపెట్టుకుని ఉండాలన్నది ఆయన నమ్మకం. హాస్టలు ఫారం బైబిల్లో పెట్టి, "చెప్పిన చోట ఉంటావని నాకు నమ్మకం కుదరాల. కుదిరిన రోజు సంతకం పెడతా" అన్నాడు. క్రిస్మస్ లోపల ఆ ఫారం కాలేజీలో ఇవ్వాలి. అలాంటి నెలలో, చెప్పిన చోట ఉండకుండా రోజంతా సైకిలు మీద తిరిగిన ఘనురాలిని నేను.

దీనికంతటికీ మూలం నా స్నేహితురాలు. పేరెందుకు గానీ, ఆమె చదివేది కెమిస్ట్రీ కాబట్టి మేమంతా అలాగే పిలిచేవాళ్ళం. "ఇసకపల్లి ఉప్పుమళ్ళ దగ్గిర రాజహంసలు దిగినాయంట మే. జువాలజీ చదువుతా ఉండి, వాటిని పుస్తకంలో చూసేదేంది? రా పోదాం" అంది. శనివారం చర్చిలో పొద్దున పాటల ప్రాక్టీసు, సాయంత్రం దాకా నక్షత్రాలు కట్టే పని. అంటే ఇంట్లో రోజంతా మా కోసం ఎవరూ ఎదురుచూడరు. కెమిస్ట్రీ మ్యాప్ మీద వేలు పెట్టి చూపించినట్టు దారి చెప్పింది. కొడవలూరు నుంచి అల్లూరు, అల్లూరు నుంచి ఇసకపల్లి, అక్కడినుంచి సముద్రం పక్కనే దక్షిణానికి రామతీర్థం, అక్కడ పడమటికి తిరిగితే విడవలూరు, మళ్ళీ మన ఊరు. "గుండ్రంగా పోయొస్తాం. పోయిన దారినే తిరిగి రాం గాబట్టి ఎవురూ రెండుసార్లు చూడరు" అంది. (నేరాలు చేసేవాళ్ళకి ఉండాల్సిన తెలివి ఆమెకు పుట్టుకతోనే ఉంది. ఇప్పుడు ఒక స్కూల్లో క్రమశిక్షణ కమిటీలో ఉంది.)

మంచులో బయల్దేరాం. రెండు పక్కలా నాట్లు వేసిన మళ్ళు, వాటిలో ఒంటికాలి మీద నిలబడ్డ కొంగలు. అల్లూరు దాటగానే గాలి మారింది. మడి వాసన పోయి ఉప్పు వాసన మొదలైంది. ఏ మనిషైనా మనసారా పీల్చుకోవాల్సిన గాలి అది. నేను మాత్రం ఎదురుగా వచ్చే ప్రతి మోటారుసైకిలునీ చూసి, మా నాన్న స్నేహితుడేమోనని చున్నీ ముఖం మీదికి లాక్కుంటున్నాను. ఒకసారి అలా లాక్కుని దారి కనపడక ముళ్ళకంపలోకి వెళ్ళాను. "దొంగతనం చేసినోళ్ళు గూడా ఇంత భయపడరు మే" అని కెమిస్ట్రీ కంప లాగి పారేసింది. పావుగంటకోసారి నేను టైము చూడటం, చూసినప్పుడల్లా ఆమె "ఎంత?" అనడం, నేను చెప్పగానే "ఇంకా శానా ఉంది" అనడం. అది ఎంతైనా సరే, ఆమెకి ఎప్పుడూ శానా ఉండేది.

రాజహంసలు, మా జువాలజీ పుస్తకంలోని ఫ్లెమింగోలు, నిజంగానే ఉన్నాయి. ఉప్పుమళ్ళకి అవతల, నీళ్ళ అంచున, ఎవరో లేతగులాబీ రంగు చీర ఆరేసినట్టు ఒక గీత. చూస్తుండగానే ఆ గీత కదిలింది. తలలన్నీ ఒకేసారి నీళ్ళలో ముంచి, ఒకేసారి ఎత్తాయి. కెమిస్ట్రీ సైకిలు పడేసి గట్టు మీద కూర్చుండిపోయింది. మాట్లాడకుండా ఆమె అంతసేపు ఉండటం నేను చూసింది ఆ ఒక్కసారే. అవి రెక్కలు విప్పి లేచినప్పుడు లోపలి ఎరుపు కనపడిందట. "చూసినావా? చూసినావా?" అని నా చెయ్యి పట్టుకుని ఊపింది. నేను ఆ క్షణంలో ఆ చేతికున్న వాచీ చూస్తున్నాను.

అసలు కథ అక్కడినుంచే. రామతీర్థం వైపు దారి ఇసుకలో కూరుకుపోయి ఉంది. రొయ్యల గుంటల గట్ల మీదుగా అడ్డంగా పడి వెళితే త్వరగా రోడ్డెక్కుతామని చెప్పింది కెమిస్ట్రీ కాదు, నేనే. బురదలో సైకిళ్ళు తోసి తోసి, కాళ్ళు మోకాళ్ళ దాకా నల్లబడితే, ఒక గుంట అడుగున మిగిలిన నీళ్ళలో దిగి శుభ్రంగా కడుక్కున్నాం. చుట్టూ గుంటలు నిండుగా ఉంటే ఆ గుంట ఒక్కటే ఎందుకు ఖాళీ అయిందని రొయ్యల రైతు కూతురికి అనుమానం రావాలి. ఒక గుంట నీళ్ళు కాళ్ళకి అంటించుకుని ఇంకో గుంట గట్టు ఎక్కకూడదని నాకు నడక వచ్చిన రోజే మా నాన్న నేర్పాడు. టైము మూడున్నర అన్న సంగతి తప్ప నా బుర్రలో ఏదీ లేదు. తడికాళ్ళతో పక్క గుంట గట్టు ఎక్కాం.

"ఆడే నిలబడండి! కదలబాకండి!" అంటూ షెడ్డులోంచి కాపలా ఆయన పరుగెత్తుకొచ్చాడు. "కాళ్ళు యాడ కడిగినారు?"

నేను నిజాయితీగా వేలు చూపించాను. ఆయన రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"దానికి తెల్లమచ్చ తెగులొచ్చిందని నిన్ననే వలేసి ఊడ్చేసినారు గదమ్మా! ఆ నీళ్ళు పూసుకోని నా కట్ట ఎక్కుతారా? నా రొయ్యల్ని ఇంకా పది దినాల్లో పట్టి అమ్మాల. ఎవురి బిడ్డలు మీరు?"

ఈ చుట్టుపక్కల రొయ్యల వాళ్ళందరికీ మా నాన్న తెలుసు. నేను నోరు తెరిచేలోగా కెమిస్ట్రీ, "పాస్టరు గారి బిడ్డలమన్నా" అంది.

"ఇద్దురూనా?"

"కవలలం."

(నేను ఆమె భుజం దాకా కూడా రాను.) ఆయన ఇద్దర్నీ పైనుంచి కిందికి చూశాడు. "పాస్టరు బిడ్డలైనా కలెక్టరు బిడ్డలైనా తొట్లో నిలబడాల్సిందే" అని తెగులు చచ్చేందుకు పర్మాంగనేటు కలిపిన ఊదారంగు నీళ్ళ తొట్టి చూపించాడు. కోపంలో ఇంకో గుప్పెడు పొడి కూడా పోశాడు. సైకిలు చక్రాలు ముంచాడు, మమ్మల్ని ముంచాడు, ఇక చాలన్నా అంటే "ఉండండి" అన్నాడు. వదిలిపెట్టేటప్పుడు మాత్రం మెత్తబడ్డాడు. "మీ నాయనకి చెప్పి మా గుంట కోసరం ఒక ప్రార్థన చేయించండమ్మా. పోయినేడు అంతా పోగొట్టుకున్నాం" అన్నాడు. అబద్ధం చెప్పినందుకు నాకు నిజంగా సిగ్గేసింది అప్పుడే.

ఆ నీళ్ళు ఆరాక ఊదారంగు పోయి, చీలమండల దాకా గోధుమరంగు మేజోళ్ళు తొడుక్కున్నట్టు మరక తేలింది. ఇసుకతో రుద్దాం, కాలవలో రుద్దాం, పోలేదు. నాలుగు దినాలైనా పోదని నాకు తెలుసు, నాన్న కాళ్ళు చూస్తూ పెరిగినదాన్ని. అంటే మా ఇంట్లో నా కాళ్ళు చూస్తే ఎక్కడికి వెళ్ళొచ్చానో చెప్పనక్కర్లేదు. హాస్టలు ఫారం బైబిల్లోనే ఉండిపోతుందని నేను తొక్కుతూనే ఏడవడం మొదలుపెట్టాను. "ఏడవబాక. దీనికి పులుపు తగిలితే పోతాది, ల్యాబులో చేసినా" అంది కెమిస్ట్రీ.

విడవలూరులో ఒక సోడా బండి. నడిపే ఆమె తలమీది ముసుగు సర్దుకుంటూ, "నిమ్మకాయ సోడానా, ఉత్త సోడానా?" అంది.

"సోడా వద్దక్కా, కాయలు చాలు."

"కాయలేం చేసుకుంటారు?"

"కాళ్ళకి రుద్దుకుంటాం."

ఆమె వంగి మా కాళ్ళు చూసింది, సోడా బుడ్డి పట్టుకున్న చేత్తోనే పొట్ట పట్టుకుని నవ్వింది. "ఏ గుంటోడు ముంచినాడమ్మా మిమ్మల్ని? మా ఆయన రోజూ ఇవే కాళ్ళతో వస్తాడు. ఈ మరక తెలీని ఆడమనిషి ఉందా ఈ దిక్కున?" అని కాయలు కోసిచ్చి, మా పాదాలు తళతళలాడేదాకా దగ్గరుండి రుద్దించింది.

చీకటి పడకముందే ఇంటికి చేరాను. అన్నాల దగ్గర నాన్న, "ఏదీ, నేర్చుకున్న కొత్త పాట పాడు" అన్నాడు. పాదాలు పావడా కింద దాచుకుని, నోటికొచ్చిన పాట అందుకున్నాను.

"ఇది పోయినేటి పాట గదా?"

కూర వడ్డిస్తున్న అమ్మ తలెత్తకుండా, "పాట అదే, రాగం మార్చినారంట. నువ్వు తిను" అంది.

మర్నాడు ఆదివారం. ఇంకా తెల్లవారలేదు. అమ్మ నన్ను తట్టి లేపి, సగం కోసిన నిమ్మకాయ చేతిలో పెట్టింది. "మడమల వెనక చూసుకోలేదు నువ్వు. నాయన లెయ్యకముందే రుద్దుకో."

నేను లేచి కూర్చుని రుద్దుకుంటుంటే ఆమె అలాగే నిలబడింది. "యాడిదాకా పోయినావు?"

"ఇసకపల్లి."

"సముద్రం కనపడిందా?"

"కనపడింది."

"ఊఁ" అంది. నా దుప్పటి మడతపెట్టి, "హాస్టల్లో నిమ్మకాయ ఇచ్చేదానికి నేను ఉండను. చూసుకో" అని వెళ్ళిపోయింది.

ఆ పొద్దున చర్చిలో ప్రార్థన విన్నపాల పెట్టెలో, 'ఒక రొయ్యల గుంట కోసం' అని చీటీ రాసి వేశాను. పాస్టరు గారు చదివి ప్రార్థించారు. నేను చీటీ వెయ్యడం చూసిన నాన్న, తన గుంటల కోసమే అనుకుని, అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నాడు. ఇంటికి రాగానే బైబిలు తెరిచి ఫారం మీద సంతకం పెట్టాడు. (ఆ కాపలా ఆయన రొయ్యలు బతికాయో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ చీటీ ఎవరి గుంట కోసమో నాన్నకి ఇప్పటికీ తెలియదు.)

ఇదంతా ఇవాళే గుర్తుకు రావడానికి కారణం ఉంది. సాయంత్రం మా ఆయన మా అయిదేళ్ళ అమ్మాయి సైకిలుకి పక్కచక్రాలు విప్పేశాడు. అది బిల్డింగు చుట్టూ తిరుగుతుంటే నేను బాల్కనీలో నిలబడి, మూల తిరిగి కనపడకుండా పోయిన ప్రతిసారీ మళ్ళీ కనపడేదాకా లోపల లెక్కపెట్టాను. ఒక చుట్టు మరీ ఆలస్యమైంది. వెనక ఖాళీ స్థలంలోకి వెళ్ళకూడదని దానికి వందసార్లు చెప్పాను. "పోలేదమ్మా" అంది, నా కళ్ళలోకి చూస్తూ. ఇప్పుడు అది నిద్రపోతోంది. దుప్పటి సర్దబోతే కాలివేళ్ళ మధ్య ఇసుక. ఈ బిల్డింగు చుట్టూ అంతా సిమెంటే.

గడియారం చూసుకుంటూ హంసల్ని వదిలేసిన ఆ పిచ్చిపిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. తడిగుడ్డతో ఇసుక తుడిచేశాను. మడమల వెనక కూడా చూశాను. పొద్దున అది లేచాక తిట్టను. అక్కడ ఏం కనపడిందని అడుగుతాను.