అవ్వను మోసేదెవరు

ఇక్కడ రాసిన ప్రతి మాటా నిజమని, ఆళ్లగడ్డలో మా మిద్దె మీద నిలబడి, అహోబిలం కొండల వైపు తిరిగి ప్రమాణం చేస్తున్నాను. (నా ప్రమాణాల సంగతి తెలిసిన నా భార్య కింద నవ్వుతోంది. మీరు పట్టించుకోకండి.) ఆ రోజుల్లో వాన ముప్పు సంగతి ఫోను చెప్పేది కాదు, కాలువే గడప దాకా వచ్చి చెప్పేది. నేను అప్పుడే నంద్యాలలో ఒక విత్తనాల అంగట్లో గుమాస్తాగా చేరాను. కాలువగట్టు వీధిలో ఒక అవ్వ ఇంటి వెనక గదిలో అద్దెకుండేవాణ్ణి. అవ్వకు కాళ్లు పడిపోయి నాలుగేళ్లు. నోరు మాత్రం వీధి చివరిదాకా నడిచి వచ్చేది. మంచం పక్కనే పొయ్యి పెట్టుకుని, కూర్చునే వండి, పొద్దున్నే నాకు మూట కట్టి, "బేగా తిను నాయనా, గింజలు ఏరుకుంటా కూచోవద్దు" అనేది.

ఒక వానాకాలం నీళ్లు ఇళ్లలోకొచ్చి పోయాక, వీధిలో ఉండే రిటైరైన టీచరమ్మ అందరినీ చర్చి ఆవరణలో కూర్చోబెట్టింది. మళ్లీ వరదొస్తే ఎవరు ఎవరిని మోసుకుపోవాలో రాసుకోవాలంది. ఆమె పెట్టిన నియమం ఒకటే: ఎవరింటి మనుషుల్ని వాళ్లు మోయకూడదు, పక్కింటివాళ్లనే మోయాలి. "సొంతింట్లోకి పోతే బీరువా కాడ నిలబడిపోతారు. పక్కింట్లో మీకు మనిషి తప్ప ఇంకేం కనపడదు" అంది. చర్చి గంట ఆగకుండా మోగితే అందరూ హైస్కూలు మేడ ఎక్కాలి. నా చేతిరాత బాగుంటుందని జాబితా నాకిచ్చారు. అవ్వా నేనూ ఒకే ఇంట్లో ఉంటాం కాబట్టి నియమం ప్రకారం ఆమె నాకు రాదు. నాకు గంట కొట్టే పని వచ్చింది.

చిక్కు అవ్వ దగ్గరే పడింది. ఆమెను మోసేది మేమంటే మేమని అటు పక్కింటి ట్రాక్టరన్న (ట్రాక్టరు అమ్మేసి చాన్నాళ్లయినా పేరు మిగిలిపోయింది), ఇటు పక్కింటి టీచరమ్మ పట్టుబట్టారు. "నేను పుట్టినప్పుడు నేల తగలకుండా పట్టుకున్న చేతులప్పా అవి. ఇంగొకరికి ఎట్లిస్తా?" అని ఆయన. "మా ఇద్దరు పిల్లోళ్లకూ పురుడు పోసింది ఎవరనుకున్నావు? వాళ్లే మోస్తారు" అని ఈమె. ఎవరినీ నొప్పించడం నాకు చేతకాదు. నొప్పించకుండా ఉండటానికి ఒక చిన్న అబద్ధం చాలు కదా. అంగడికొచ్చిన ట్రాక్టరన్నతో, "టీచరమ్మ కండ్లనీళ్లు పెట్టుకుందన్నా. ఈసారికి ఆమెకే ఇడ్సిపెట్టు" అన్నాను. సాయంత్రం టీచరమ్మతో, "అన్న అన్నం మానేసినాడు టీచరమ్మా, మీరే తగ్గాల" అన్నాను. ఇద్దరూ తగ్గారు. ఆ తగ్గిన సంగతి ఒకరికొకరు చెప్పుకోకుండా పెద్దమనుషుల్లా గుట్టుగా ఉండిపోయారు. నేను అవ్వ పేరుకెదురుగా చోటు ఖాళీగా వదిలి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

వరద రాకముందే ఒక ఆదివారం అందరం ఒకసారి పరిగెత్తి చూసుకుందామనుకున్నాం. ఆరాధన అయ్యాక, సన్నటి వానలో, అరచేతులు బొబ్బలెక్కేదాకా గంట కొట్టి నేనూ మేడెక్కాను. వీధి మొత్తం అక్కడే ఉంది. మెడలో పేరు చీటీతో ఒక మేకపోతు కూడా ఉంది. నియమాన్ని తుంగలో తొక్కి ట్రాక్టరన్న తన టీవీని దుప్పట్లో చుట్టుకొచ్చాడు. "అదేందన్నా?" అంటే, "ఇదీ ఇంట్లో మనిషే కదప్పా" అన్నాడు. నవ్వుకుంటూ జాబితా చదవడం మొదలుపెట్టాను. అందరూ పలికారు. చివరికి "అవ్వ" అన్నాను. ఎవరూ పలకలేదు.

"టీచరమ్మా, అవ్వ యాడ?" అన్నాడు ట్రాక్టరన్న.

"నీ కాడ కదప్పా ఉండాల్సింది."

"నేను మీకే ఇడ్సిపెడ్తి కదా?"

"నాకా? నేను నీకు ఇడ్సిపెడ్తి."

ఇద్దరూ మెల్లగా నా వైపు తిరిగారు. అంతకన్నా ఘోరమైన సంగతి అప్పుడు తట్టింది. ఇది ఉత్తుత్తి వరద అని అవ్వకు ఎవరు చెప్పారు? మోసేవాళ్లే చెబుతార్లే అని వీధిలో ఎవరూ చెప్పలేదు. ఒకే కప్పు కింద ఉండే నేనూ చెప్పలేదు, గంట కొట్టేది నేనేనని కూడా చెప్పలేదు. గంట విన్నది, వీధంతా పరిగెత్తిన చప్పుడు విన్నది, ఆ తర్వాత ఏ చప్పుడూ వినలేదు. అలా అరగంట.

మేడ మెట్లు ఎలా దిగానో తెలియదు. తలుపు తోసేసరికి అవ్వ మంచం మీద మంచి తెల్లచీర కట్టుకుని కూర్చుని ఉంది. నేను అంగడి నుంచి తెచ్చిచ్చిన విత్తనాల సంచిలో బైబిలు చుట్టి పెట్టుకుంది. నాలుగేళ్లుగా తొడగని చెప్పులు ఒళ్లో ఉన్నాయి. నా వెనకే వచ్చిన వీధినంతా ఒకసారి చూసి, చేతికర్ర ఎత్తింది. "మేకపోతుకు దొరికిన భుజం నాకు దొరకలేదేందిరా? దాని మెడకు చీటీ కట్నోళ్లకు నా మెడకు కట్టేకి దారం లేదా?" అని ఎడాపెడా తిట్టింది. వీధి పగలబడి నవ్వింది. అవ్వను ఒకవైపు ట్రాక్టరన్న, ఒకవైపు టీచరమ్మ కొడుకులు పట్టుకుని మేడ మీదికి ఊరేగించారు.

ఇప్పుడు ఆళ్లగడ్డలో మా వీధి వాట్సాప్ గుంపుకు కూడా ఆ జాబితా నేనే రాస్తాను. ఖాళీ మాత్రం వదలను. ఇద్దరు పట్టుబడితే ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి, వాళ్లు కొట్టుకున్నా సరే, తేలేదాకా కదలను.

ఇక కొండల వైపు తిరిగి ప్రమాణం చేశాను గాబట్టి ఒకటి ఒప్పుకోవాలి. మేకపోతు నిజం. టీవీ నిజం. అవ్వ తిట్టిందన్నది మాత్రం నేను కల్పించింది. ఆమె ఎవరినీ ఒక్క మాట అనలేదు. నా తడిసిన తల పట్టుకుని, బొంగురుపోయిన గొంతుతో, "నువ్వు బయటపడ్నావా నాయనా? వెనక గదిలో నిద్రపోతాండావేమోనని ఇంతసేపూ పిలుస్తానే ఉండా" అంది.

ఆమె తిట్టి ఉంటే ఆ గుమాస్తా కుర్రాడు అప్పుడే తేరుకునేవాడు. తిట్టలేదు కాబట్టి, ఈ కథ చెప్పిన ప్రతిసారీ నేనే ఆమె చేత తిట్టిస్తున్నాను. ఏటికేడు కొంచెం గట్టిగా.