ఉడికిన విత్తనం

మా చెల్లెలు సృజనకు సన్మానం జరిగిన రోజు నాకు ముద్ద దిగలేదు. కోరుట్లలో ఫంక్షన్ హాలు, గేటు మీద ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో దాని పీహెచ్‌డీ గైడ్ నిలువెత్తున నవ్వుతున్నాడు. ఓ మూల పాస్‌పోర్ట్ ఫోటో అంత మా చెల్లెలు. ఆ గైడ్ పేరు నేను రాయను. రాస్తే పెన్ను కడుక్కోవాలి.

మాది మల్లాపూర్. నాన్న భూమేశ్ తాళ్లెక్కి కల్లు గీసేవాడు, కొంత పసుపు కూడా పెట్టేవాడు. ఓ ఏడు వానలు తెరిపి లేకుండా కొట్టాయి. దుంపకుళ్లు తగిలి ఊళ్లో పసుపంతా నేలలోనే మురిగిపోయింది. మా చేనులో అక్కడొకటి, అక్కడొకటి మాత్రం మొక్కలు పచ్చగా నిలబడ్డాయి. మేమంతా కుళ్లినవాటిని చూసి ఏడుస్తుంటే సృజన బతికినవాటి పక్కన గొంతుక్కూర్చుంది. వాటి దుంపలు విడిగా దాచింది, ఏటేటా నాటి పెంచింది, చివరికి వాటి మీదే పీహెచ్‌డీలో చేరింది. అది పట్టిందంటే ఉడుంపట్టే.

పక్క చేను లసుమవ్వ ఆ ఏడు మా కంటే ఎక్కువ నష్టపోయింది. "మొదటి విత్తనం నీకే పెద్దమ్మా" అని సృజన ఆమెకు మాటిచ్చింది.

నాటుకోవడానికి గైడ్ మేడిపల్లిలో తన సొంత మడి ఇచ్చాడు. "ఊరికే వాడుకో తల్లీ" అన్నాడు. ఆయన దగ్గర ఏదీ ఊరికే రాదని మాకప్పుడు తట్టలేదు.

పోయిన ఏడు మిరుగం కార్తెలో, తొలకరి వానలకు ఉన్న విత్తనమంతా అక్కడే పెట్టించి సృజన నెదర్లాండ్స్ వెళ్లింది. అక్కడి ల్యాబులో ఏడాదిపాటు విజిటింగ్ స్టూడెంట్. ఊళ్లో ఎవరికి చెప్పినా "దుబాయికా, మస్కట్‌కా?" అనే అడిగారు. అక్కడి ప్రొఫెసర్ తన కాఫీ కప్పు తనే కడుక్కునేవాడట, పేరు పెట్టి పిలవమన్నాడట. "నాకు నోరు తిరుగుతలేదక్కా, ఉత్తగ సార్ అంటున్న" అని నవ్వేది. చలికాలం వచ్చాక ఆ నవ్వు పోయింది. సాయంత్రం కాకముందే చీకటి, వానలో సైకిలు, గదికి వస్తే పలకరించే మనిషి లేడు. బ్రెడ్డు మీద కారప్పొడి చల్లుకుని తిని మళ్లీ ల్యాబుకు పోయేది. చివరికి తేలింది, ఆ మొక్కలకు కుళ్లును తట్టుకునే గుణం నిజంగానే ఉందని. ఇక మిగిలింది ఒకటే. ఈ మిరుగంలో ఆ విత్తనాన్ని రైతుల చేన్లలో నాటి చూడాలి.

ఫోన్లో గైడ్‌ను అది అడిగేది కూడా అదే, విత్తనం ఎట్లా ఉందని. "నీడలో కుప్ప పోసి, ఆకు కప్పి, మట్టి మెత్తించాం. భద్రం తల్లీ" అనేవాడు.

విమానం దిగగానే మేడిపల్లి పోతానంది. "ముందు సన్మానం" అని ఆయన కోరుట్లకు పిలిపించాడు.

మైకు పట్టుకుని ఆయన తన గురించి తానే మాట్లాడుకున్నాడు. నేను పంపాను, నేను నేర్పాను, నేను లేకపోతే. చప్పట్లు ఎక్కువ ఎవరు కొడతారా అని ముందు వరసలో పోటీ. తర్వాత సృజనకు శాలువా కప్పి, అందరికీ పసుపు పొడి పొట్లాలు పంచారు. పొట్లం మీద కూడా ఆయన మొహమే.

"తెగులును తట్టుకున్న పసుపు ఇది! మా పరిశోధన ఫలం! ఈరోజు పప్పులోనూ ఇదే వేయించాను" అన్నాడు.

సృజన మొహంలో నెత్తురు చుక్క లేదు. స్టేజీ దిగి, వడ్డన దగ్గరున్న ఆయన జీతగాడు మల్లయ్య దగ్గరికి పోయింది. నేనూ వెనకే పోయాను.

"మామా, ఇత్తనం ఉడకబెట్టిన్రా?"

"సారే ఉడకబెట్టుమన్నడు బిడ్డా. కొత్తింటికి బండలచ్చినయి, కొట్టంల జాగ లేదన్నడు. ఇత్తనం సార్, ఇత్తనం అని మొత్తుకున్న. ఇన్నడా?"

"అంతనా?"

"అంత."

పొడి కొట్టాలంటే పసుపును ముందు ఉడకబెట్టాలి, ఉడికిన పసుపు మొలవదు. మా దిక్కు పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. ఆయనకు తెలియక చేసి ఉంటే ఛీ అని వదిలేసేదాన్ని. సృజన వెళ్లి నిలదీస్తే ఆయన పళ్లు కుట్టుకుంటూ అన్నాడు, "పేపర్ అచ్చయింది కదమ్మా, ఇంకా దుంపలెందుకు?"

ఆ పేపర్లో మొదటి పేరు ఆయనదే.

నా పళ్లెంలో పప్పు పచ్చగా నిగనిగలాడుతోంది. హాలు నిండా జనం అదే పప్పు జుర్రుకుంటున్నారు, బాగుందంటున్నారు. పళ్లెం కింద పెట్టేశాను.

అప్పుడే వచ్చింది లసుమవ్వ, చంకలో ఖాళీ గోనెసంచితో. ఎవరో ఆమె చేతిలోనూ ఒక పొట్లం పెట్టారు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇత్తనం ఇస్తనంటివి గదా బిడ్డా. గిది ఏడ నాటాలె?"

సృజన భుజాల మీది శాలువా తీసి ఆమె సంచిలో కుక్కింది.

"గిది నాటు పెద్దమ్మా. ఈడ గిదొక్కటే మొలుస్తది."

లసుమవ్వ దాని మొహం చూసి అంతా అర్థం చేసుకుంది. శాలువా బయటికి లాగి కుర్చీ మీద పెట్టింది, పొట్లం దాని మీద పెట్టింది. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని మల్లాపూర్ బస్సుకు నడిచింది.