అమ్మమ్మ దొంగ వెలుగులు

సూర్యుడు కూడా ముందు మా అమ్మమ్మకి ఒక ఉత్తుత్తి ఉదయం చేసి చూపించి, సరే అనిపించుకున్నాకే పైకి వస్తాడు. అంత గొప్పది మా అమ్మమ్మ. ఏదైనా సరే, ముందు జవాబు తెలిసిన దొంగది ఒకటి తయారుచేసి పరీక్షిస్తే గాని అసలుదాన్ని నమ్మదు.

నాకు జ్వరమొస్తే థర్మామీటరు ముందు ఐసు నీళ్లలో మునిగేది.

"అమ్మమ్మా, కాలిపోతున్నాను."

"ఉండరా, ఇది నిజం చెప్పే రకమో కాదో చూడనీ."

తన కళ్లజోడు తనే దాచి తాతయ్య చేత వెతికించేది. ఆయన ఇల్లంతా తిరగేసి తెచ్చిస్తే, "పర్లేదు, నిజంగా పోయినా దొరుకుతుంది" అని మెచ్చుకునేది. నాకు లెక్కల్లో సున్నా వచ్చినప్పుడైతే, అన్నీ సరైన జవాబులు తనే రాసి మాష్టారి చేత దిద్దించింది. నూటికి నూరు వేశాడాయన.

"మాష్టారు బాగానే ఉన్నాడురా. పాడైంది నువ్వే."

ఆవిడ ఉద్యోగమూ ఇదే. జీవకణాల్లో మెరిసే అణువులుంటాయట. ఒకే దిక్కుకి ఊగే వెలుగుతో వాటిని కొడితే, అవీ కాసేపు ఆ దిక్కుకే ఊగే వెలుగు తిరిగిస్తాయి. పక్కన జత ఉందా, అందుకున్న శక్తిని దాని చేతిలో పెట్టేస్తాయి, దిక్కు చెదిరిపోతుంది. ఎంత త్వరగా చెదిరిందో కొలిస్తే జంటో ఒంటరో తేలిపోతుంది. నాకెక్కింది ఇంతే. అమ్మమ్మ మాత్రం కంప్యూటర్లో దొంగ అణువులు పోసి, దొంగ వెలుగులు కొట్టి, కొలిచే ప్రోగ్రాముని పరీక్షిస్తూ కూర్చుంటుంది.

ఒకరోజు ఆవిడకి అన్నం డబ్బా ఇద్దామని ల్యాబుకి వెళ్లేసరికి, ఒక పరిశోధక విద్యార్థిని తల వంచుకుని నిలబడి ఉంది. జంటలుండాల్సిన చోట ఆమెకి ఎన్నిసార్లు చూసినా ఒంటరివే వస్తున్నాయి.

"కణాలన్నీ పాడుచేసింది. రేపట్నించి రానక్కర్లేదు," అన్నాడు ల్యాబు పెద్దాయన.

"ఆగండి సార్. ముందు దొంగది," అంది అమ్మమ్మ.

మొత్తం జంటలే ఉన్న దొంగ కణం ఒకటి చేసి ప్రోగ్రాముకి ఇచ్చింది. అన్నీ ఒంటరివే అంది ప్రోగ్రాము.

"ఎవరు రాశారిది?" పెద్దాయన మండిపడ్డాడు.

"నేనే," అంది అమ్మమ్మ, బహుమతి అందుకుంటున్నట్టు.

మొట్టమొదటి క్షణపు వెలుగుని మురికి కింద లెక్కగట్టి కత్తిరించెయ్యమని ఆవిడే రాసిందట. ఈ జంటలు శక్తిని చేతులు మార్చుకునేది సరిగ్గా ఆ క్షణంలోనే. కత్తిరింపు తీసేసి ఆ అమ్మాయి తీసిన కణాల బొమ్మల్ని మళ్లీ కొలిస్తే, తెర నిండా జంటలే.

"నువ్వు బాగానే ఉన్నావమ్మా. పాడైంది నేను. రేపు పెందలాడే రా."

ఆవిడ మనవణ్ణి నేనేనని ఆ వేళ ల్యాబు కాపలాదారుకి రెండుసార్లు చెప్పాను.

ఇదంతా రాసి అమ్మమ్మకి చదివి వినిపించాను. నవ్వింది. ఎలా ఉందని అడిగాను.

"ముందు లేని అమ్మమ్మ గురించి ఒకటి రాసుకురా. అదీ ఇలాగే నవ్విస్తే, ఇందులో నేను లేనట్టే."