చెయ్యి కుదరలేదన్నందుకు

మా పలాసలో విమర్శకుడికి ముందు శాలువా కప్పుతారు, తర్వాత మైకు ఇస్తారు. ఈ వరస ఎవరు పెట్టారో తెలియదు గాని, చాలా తెలివైనవాళ్ళే పెట్టి ఉంటారు. మెడ చుట్టూ శాలువా ఉక్కబోస్తుంటుంది. పక్కన చిత్రకారుడు చేతులు కట్టుకుని నవ్వుతుంటాడు. ఎదురుగా ముందు వరసలో అతని భార్య, పిల్లలు, మావగారు కూర్చుని ఉంటారు. అప్పుడు ఎంత గట్టి మనిషి నోట్లోంచైనా ‘అద్భుతం’ తప్ప మరో మాట రాదు. టెక్కలి కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాక నాకు ఈ శాలువాల పని తగులుకుంది. ఎప్పుడో బొమ్మల గురించి పేపర్లో నాలుగు ముక్కలు రాశానని విమర్శకుడన్న పేరు పడింది. బీరువా నిండిపోయేసరికి మా ఆవిడ విసిగిపోయి ఆ శాలువాలన్నీ మా కళా సంఘానికే ఇచ్చేసింది. వాటిల్లో ఒకటి తిరిగి నాకే కప్పారని నా అనుమానం.

పేపర్లో వచ్చే సమీక్షలైతే మరీ సుఖం. ప్రదర్శన పెట్టినాయనే తన గురించి తనే రాసుకుని, ఫొటో జతచేసి, విలేకరికి వాట్సాప్‌లో పంపేస్తాడు. ‘జీవకళ ఉట్టిపడుతోంది’ అన్న వాక్యం లేకుండా ఒక్క సమీక్షా రాదు. పేర్లు మార్చి చదువుకుంటే అన్నీ ఒకటే.

వీటికి తోడు మా ప్రాంతానికి మాత్రమే ఉన్న ఇబ్బంది ఒకటుంది. మా ఉద్దానం పల్లెల్ని పట్టుకున్న కిడ్నీ జబ్బు మీద ఎవరేం గీసినా బాగాలేదని అనడానికి లేదు. బొమ్మను అంటే రోగిని అన్నట్టే. వక్తలు బొమ్మకేసి ఒకసారి చూసి, అక్కణ్ణించి తాగే నీళ్ళ గురించి, ఆసుపత్రి గురించి, పోయిన బంధువుల గురించి మాట్లాడతారు. ఆ మాటల్లో ఒక్కటీ అబద్ధం లేదు. ఆ బాధ లేని ఇల్లు మాలో తక్కువ. కాని రంగు ఎలా పడిందో, గీత ఎలా నడిచిందో చెప్పే దిక్కు ఉండదు. వినీ వినీ, కోపం రావాల్సిన చోట కూడా నాకు ఆవలింతలు రావడం మొదలైంది.

అలాంటి రోజుల్లో ఒకమ్మాయి మా ఇంటికొచ్చింది. కవిటి దగ్గర పల్లె. పలాసలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచరు, స్కూలు దగ్గరే గది అద్దెకు తీసుకుని ఉంటోంది. కాలేజీలో నా పాఠాలు విన్నానంది, నాకు గుర్తులేదు. తల్లికి డయాలసిస్ జరుగుతోంది. ఆ తల్లి బొమ్మే గీసింది. కొబ్బరి పీచు కుప్ప పక్కన పీట మీద కూర్చున్న మనిషి, ఒళ్ళో రెండు చేతులు. వారంలో మా సంఘం దాన్ని ప్రదర్శనకు పెడుతోంది, సమీక్షకుణ్ణి నేనే.

“మాస్టారూ, ఇక్కడ ఏది పెట్టినా బాగుందంతారు. విశాకపట్నం పెద్ద ప్రదర్శనలకి పంపితే తిరిగొచ్చెత్తాది. ఇప్పటికి రెండు బొమ్మలు అలగే తిరిగొచ్చీసినాయి. ఎందుకో అక్కడోళ్ళు సెప్పరు, ఇక్కడోళ్ళకి తెల్దు. ఈ బొమ్మ కూడా ఎనక్కొచ్చిందంటే మరి బొమ్మలు మానెత్తాను. మీరైనా ఉన్నదున్నట్టు సెప్పండి.”

“ఇప్పుడే చెప్పమంటావా?” అన్నాను.

“వద్దండి. ఇక్కడైతే నా మొకం సూసి మెత్తగా సెప్తారు. సభలోనే సెప్పండి.”

చర్చి స్కూలు హాల్లో సభ జరిగింది. నాకు శాలువా కప్పారు. మా సంఘం అధ్యక్షుడు జీడిపప్పు వ్యాపారి, మంచి మనిషి, సొంత తమ్ముణ్ణి ఈ జబ్బుకే పోగొట్టుకున్నాడు. ఆయన తమ్ముడి గురించి మాట్లాడి కళ్ళు తుడుచుకున్నాడు. హాలంతా తుడుచుకుంది. తర్వాత నేను లేచాను.

ముఖం బాగా వచ్చిందని చెప్పాను. పీచుకి అంత నిజమైన రంగు మన వైపు ఇంతవరకూ ఎవరూ వెయ్యలేదన్నాను. చప్పట్లు కొట్టారు. “కాని ఎడమ చెయ్యి కుదరలేదు,” అన్నాను. “ఈ మనిషికి డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా ఆపరేషన్ చేసి నరం కలిపి ఉంటారు. అది తాడులా ఉబ్బి ఉంటుంది. అలాంటి చేతుల్ని మనం బస్సుల్లో, ఆటోల్లో రోజూ చూస్తున్నాం. ఈ బొమ్మలో చెయ్యి మాత్రం పెళ్ళికూతురి చెయ్యిలా నున్నగా ఉంది. గీసినావిడ ఆ చెయ్యిని చూడలేదు. బొమ్మ అక్కడ ఆగిపోయింది.”

వెనక నుంచి ఎవరో “ముసిలోడికి మతి పోనాదేటి?” అన్నారు. అధ్యక్షుడు నా చేతిలోంచి మైకు తీసుకుని, మాస్టారి తరఫున కిడ్నీ బాధిత కుటుంబాలన్నిటికీ క్షమాపణ చెబుతున్నానన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. రెండు నిమిషాలు మౌనం పాటించమన్నాడు. అందరితో పాటు నేనూ లేచి తల వంచుకుని నిలబడ్డాను. ఒక బొమ్మలో చెయ్యి కుదరనందుకు సంతాపం పాటించిన సభ మా పలాసలో తప్ప ఎక్కడా జరిగి ఉండదు. సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపుల్లో నేను రోగుల్ని అవమానించినవాణ్ణయ్యాను. నన్ను తిట్టినవాళ్ళెవరూ, ఆ చెయ్యి కుదిరిందని మాత్రం అనలేదు.

వాళ్ళ తిట్లు నాకు లెక్కలేదు. బొమ్మను దుప్పట్లో చుట్టుకుని ఆటో ఎక్కిన ఆ అమ్మాయి, అడిగి మరీ నాచేత చెప్పించిన అమ్మాయి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది. అదే బాధేసింది. ఇక చాలు, ఈ పని మానేద్దామనుకున్నాను.

కొన్నాళ్ళకి తనే వచ్చింది. మంచినీళ్ళు తాగి, గ్లాసు చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

“మీరన్నది నిజమే మాస్టారూ. ఇంటికెళ్తే అమ్మకి అన్నం ఎడతాను, మందులిత్తాను. మొకమే సూత్తాను. సెయ్యి సూడ్లేను. ఆ నరం కొట్టుకోడం కనిపిత్తే మొకం తిప్పీసుకుంతాను. నా సిన్నప్పుడు అమ్మ పీచు తీసిన సెయ్యి తలుసుకుని గీసీసినాను. మీకెలగ తెలిసిపోనాది?”

నాకు తెలియలేదు, బొమ్మలో కనిపించిందంతే అన్నాను. అంతమందిలో ఒకరు నా మాట విన్నందుకు ప్రాణం లేచొచ్చింది.

తర్వాతి సెలవులకి ఊరెళ్ళి, మధ్యాహ్నాలు తల్లి పడుకున్నప్పుడు పక్కన కూర్చుని ఆ చెయ్యి చూసిందట. పలాస గదికి తిరిగొచ్చి ఎడమ చెయ్యి మొత్తం చెరిపి మళ్ళీ వేసింది. వెళ్ళి చూశాను. సూదుల మచ్చలు, ఉబ్బిన నరం, దాని మీద పల్చబడి మెరుస్తున్న చర్మం. కుదిరిందన్నాను. అంతకు మించి ఒక్క మాట కలిపినా అబద్ధమవుతుందనిపించింది. బొమ్మను విశాఖపట్నం పంపింది.

తిరిగొచ్చేసింది. కారణం ఈసారీ రాయలేదు. మా వాళ్ళు పొగిడి తప్పించుకుంటారు, పెద్ద ఊరి వాళ్ళు ఏమీ అనకుండా తప్పించుకుంటారు. నాకు కోపం కూడా రాలేదు, ఒళ్ళంతా నీరసం కమ్మింది.

“మరింక ఒద్దు మాస్టారూ. దీన్ని ఊళ్ళో అటకెక్కించెత్తాను,” అంది. పెద్ద పార్సెలు, తనొక్కర్తే మొయ్యలేదు. నేనూ ఆటో ఎక్కాను.

తల్లి అరుగు మీద కూర్చుని ఉంది. కూతుర్ని చూడగానే చీర చెంగు లాగి ఎడమ చెయ్యి కప్పుకుంది. అలవాటుగా జరిగిపోయిందా పని. కూతురు గమనించనైనా లేదు.

“ఏటే ఆ మూట?”

“ఏటీ నేదమ్మా. పాత బొమ్మ.”

“నా బొమ్మేనంట కదేటి? ఇప్పు, సూత్తాను.”

వద్దని ఎంత చెప్పినా వినలేదు. కూతురు తాళ్ళు విప్పి గోడకానించి పక్కకి తప్పుకుంది. తల్లి ముఖం దగ్గర ఆగలేదు. నేరుగా చెయ్యి చూసింది, చాలాసేపు చూసింది. ఎన్ని సభల్లో మాట్లాడినా, ఒక మనిషి ఒక బొమ్మని అలా చూడగా నేను చూడలేదు. భయమేసింది. ఇంత పచ్చిగా చూపించమని చెప్పింది నేనే కదా అని తల దించుకున్నాను.

“ఎప్పుడు సూసినావే దీన్ని?”

“నువ్వు పడుకున్నప్పుడమ్మా.”

“నానేటో, నీకు దీన్ని సూత్తే అసయ్యం అనుకున్నానే. నువ్వొచ్చినప్పుడల్లా అందికే కప్పేసుకుంతన్నాను.”

తల్లి చెంగు తీసేసి, ఆ చెయ్యి తీసుకెళ్ళి కూతురి ఒళ్ళో పెట్టింది.

“పడుకున్నప్పుడెందుకే దొంగలాగ? ఇదిగో, ఇప్పుడు సూసి గియ్యి.”