బంగారు రంగు కొట్టించిన బొమ్మలు

మ్యూజియంలో పాత వస్తువులు పరీక్షించడం నా ఉద్యోగం. భవానీపూర్‌లో ఒక తెలుగువాళ్ళ ఇంట్లో ఈజిప్టు వస్తువులున్నాయి, వచ్చి చూడమని కబురొస్తే వెళ్ళాను. ఇంటాయన రేవులో కూలీల కాంట్రాక్టు చేసి మానుకున్న మనిషి. ఆయన తండ్రి ఓడల్లో పనిచేసే రోజుల్లో ఆ దేశంలో కొని తెచ్చాడట.

నేను చెప్పులు విప్పేలోపే ఆయన నా వెనక్కి చూశాడు.

"పెద్ద సారు రానేదేటి?"

"నేనే చూస్తానండీ."

"నువ్వా?" అని నసుగుతూ అద్దాల బీరువాలో లైటు వేశాడు.

నడుమ నల్ల పిల్లి. ఎత్తితే దూదిలా తేలిపోయింది. వీపు పొడవునా అచ్చులో పోసినప్పటి అతుకు గీత. కింద ఇత్తడి పలక మీద "రాణిగారి పిల్లి" అని చెక్కించాడు. ఏ రాణో ఆయనకే తెలియాలి.

పై అరలో, చేతులు గుండెల మీద కట్టుకున్న చిన్న బొమ్మలు బంగారు రంగులో తళతళలాడుతున్నాయి. చనిపోయినవాళ్ళకు పరలోకంలో పనులు చేసిపెట్టాలని, ఒంటిమీద మంత్రం రాసి సమాధిలో ఉంచే బొమ్మలవి. ఒకదాన్ని తిప్పితే, అడుగున రంగు అంటనిచోట పాత నీలి మెరుగు కనిపించింది. ఇవి అసలువి.

"ఈ రంగెవరు వేశారు?"

"నానే ఏయించినాను. మాసిపోయినట్టుండీవి. గరుకు కాయితంతో తోమించి రంగు కొట్టించినాను. ఇప్పుడు సూడు!"

వేల ఏళ్ళు మట్టిలో నిలిచిన రాతను గీకించేసి, మెచ్చుకోలు కోసం నా ముఖంలోకి చూస్తున్నాడు. నాకు జాలి కూడా కలగలేదు.

"పిల్లి నకిలీదండీ. ఇవి అసలువి. వీటిని మీరు పాడుచేశారు."

"నీకేటి తెల్సు? వచ్చినోళ్ళందరూ పిల్లినే మెచ్చుకుంటారు."

టీ తెచ్చిన ఆయన భార్య మా మాటలు విని, మేకులూ పాత బల్బులూ ఉన్న సొరుగులోంచి ఒక విరిగిన బొమ్మ తీసిచ్చింది.

"ఇరిగిపోనాదని దీనికి రంగెయ్యనేదమ్మా."

నీలం చెదరలేదు. రాత వరసలన్నీ ఉన్నాయి.

"దీన్ని మ్యూజియానికిస్తారా?" అని ఆయన్ని అడిగాను.

"పట్టుకుపో. ఇరిగిన బొమ్మ ఇంట్లో ఉండకూడదు."

ఆ ముక్క ఇప్పుడు మా గాజుపెట్టెలో ఉంది. ఇచ్చినవారి పేరు రాయడం నియమం కాబట్టి కింద ఆయన పేరుంది. అప్పుడప్పుడూ చుట్టాల్ని వెంటేసుకుని వస్తుంటాడు. మొన్న నేను పక్కనే ఉన్నాను.

"ఇది అసలుదని నానే గుర్తుపట్టినాను," అంటున్నాడు.

"సొరుగులోంచి తీసిచ్చింది మీ ఆవిడండీ," అన్నాను.

చుట్టాలు ఒకసారి నావైపు చూసి, ఆయన్ని పెట్టె పక్కన నిలబెట్టి ఫోన్లు తీశారు. ఫోటోకి అడ్డొస్తున్నానని ఆయన నన్ను కాస్త జరగమన్నాడు.