రాతి కమాను కింద

బరువు తగ్గాలంటే రోజూ నడవమన్నాడు డాక్టరు. మా గల్లీలో నడిస్తే నా బడి పిల్లలే నవ్వుతారని, ఆదివారాల్లో ఊళ్లు తిరగడం మొదలుపెట్టాను. ఈసీ నదిలో పడవలు నడిపే ఊరొకటుందనీ, పడుకుంటే తప్ప దాటలేని పాత రాతి వంతెన అక్కడుందనీ మా బడి గుమాస్తా చెప్పాడు. యుద్ధం రోజులవి. బొగ్గుతో నడిచే బస్సును నమ్ముకోలేక కాచిగూడలో ఏడింటి రైలెక్కాను.

డబ్బాలో పక్కనున్న మక్కబుట్టల ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసి, "జర జరుగు బిడ్డా, ఇద్దరి జాగ తీస్కున్నవ్," అంది. జరిగాను. ఎనిమిదింబావుకు శంషాబాదులో దిగి, డాక్టరు మాట తలచుకుని ఒక్క చాయతో సరిపెట్టుకున్నాను. అక్కణ్నుంచి హిమాయత్ సాగర్ వైపు గంటన్నర నడక, చివర్లో మోకాలిలోతు బురద.

ఇరవై బెస్త ఇళ్ల ఊరది. మగవాళ్లు చేపలకు పోయారు. వంతెన రెండు చివరలూ ఏనాటి వరదకో కొట్టుకుపోగా, నది నడుమ మూడు కమాన్లు మిగిలాయి. ఊరికీ, సాగర్ ఒడ్డునున్న బండిబాటకూ మధ్య అవే అడ్డం. పక్కలన్నీ కూలిన రాళ్లతో మూసుకుపోయి, పడవకు నడిమి కమాను కిందే దారి.

నేను చూస్తుండగానే ఒక ముసలామె కోడలిని నడిపించుకుంటూ రేవుకు తెచ్చింది. కోడలు బాలమణికి తెల్లవారుజాము నుంచి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. దవాఖానకు తీసుకుపోదామంటే నేనొచ్చిన బురదలో బండి రాదు. రేవులో మిగిలిన ఒక్క మగవాడు, పడవ నడిపే పోచయ్య నదిని చూసి, తర్వాత నన్ను చూశాడు.

"పంతులూ, జర పడవెక్కుతవా?"

"నాకు ఈత రాదయ్యా."

"ఈతతోని పన్లేదు. రాత్రి వానకు నీళ్లు పెరిగినయ్. పడవ తేలికుంటే కమానుకు తగుల్తది. బరువు గావాలె."

"రాళ్లు వేసుకోరాదూ?"

"రాళ్లకు చేతులుంటయా?"

ఎక్కాను. బాలమణి, ఆమె అత్త, మరో ఇద్దరు ఆడవాళ్లూ ఎక్కారు. చేతుల సంగతి కమాను దగ్గర తెలిసింది. అందరూ వెల్లకిలా పడుకుని, పైరాతికి అరచేతులు ఆనించి నెట్టాలి. పడవ కిందికి అణుగుతూ ముందుకు పోతుంది. తరతరాల చేతులకు ఆ రాయి నున్నబడింది. ముక్కుకు జానెడు పైన రాయి. నిజంగా భయమేసింది. సగం దూరంలో పడవ ముక్కు రాతికి ఒరుసుకుని ఆగిపోయింది. బాలమణి అరుపు కమానంతా మోగింది.

"పంతులూ, జర ముంగటికి జరుగు!" అన్నాడు పోచయ్య.

వీపుతోనే పాక్కుంటూ జరిగాను. ముక్కు దిగింది. నెట్టాం, మళ్లీ నెట్టాం. అరచేతుల తోలు లేచిపోయింది. ముఖాన వెలుతురు పడగానే నాకు ఏడుపొచ్చింది.

ఒడ్డున బండి దొరికింది. శంషాబాదు దవాఖాన బయట రెండింటిదాకా కూర్చున్నాం. నర్సమ్మ బయటికొచ్చి, "ఆడపిల్ల. ఇద్దరూ మంచిగున్నరు," అంది. ముసలామె నా అరచేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. "గింత లావు మనిషిని దేవుడే తోలిండు బాపూ," అంది. జన్మలో మొదటిసారి ఆ మాటకు నాకు కోపం రాలేదు.

నాలుగున్నర రైల్లో తిరుగు ప్రయాణం. బుద్వేల్ దాటేదాకా కట్టుకట్టిన చేతులనే చూసుకుంటూ కూర్చున్నాను. వెళ్లాలనుకునేవారికి ఏడింటి రైలే మేలు. వాన పడిన మర్నాడైతే చెప్పులు చేత పట్టుకోవాలి. నాలా ఒక్క చాయతో సరిపెట్టుకోకండి, కడుపునిండా తిని వెళ్లండి. ఆ రేవులో మీ బరువు కోసం ఎవరు ఎదురుచూస్తుంటారో చెప్పలేం.